ఆయన దాచిన సంగతులు పోలీసులకు చెప్పాలా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఒకచోట చేర్చాను. నాలుగిళ్లలోనూ ఒక మనిషి కనబడకుండా పోయారు. పోయాక ఇంట్లోవాళ్లకి తెలియని సంగతులు బయటపడ్డాయి. పేర్లు వెయ్యవద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఇస్తున్నాను.

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మాది తణుకు. మా వారికి నలభై నాలుగేళ్లు, రైస్ మిల్లులో గుమస్తా. ఇద్దరు ఆడపిల్లలు, పెద్దది ఇంటర్ రెండో సంవత్సరం. పోయిన గురువారం తెల్లవారుజామున మిల్లు పని మీద రాజమండ్రి వెళ్తున్నానని చెప్పి బండి మీద బయల్దేరారు. సాయంత్రం నుంచీ ఫోన్ స్విచాఫ్. మిల్లులో అడిగితే ఆ రోజు ఏ పనీ చెప్పలేదన్నారు. మూడో రోజున బండి నిడదవోలు స్టేషను స్టాండులో ఉందని మా మరిది చూసొచ్చాడు. బీరువా వెతికితే ఒక్కొక్కటీ బయటపడ్డాయి. నా నల్లపూసలు, పెద్ద గొలుసు లాకర్లో ఉన్నాయనుకున్నాను, వాటి మీద గోల్డ్‌లోన్ తీసుకున్న కాగితాలు దొరికాయి. చొక్కాల కింద బటన్ ఫోన్ ఒకటి ఉంది, లాక్ వేసి ఉంది. పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయిస్తే రెండేళ్లుగా ప్రతి నెలా ఐదో తారీఖున ఆరు వేలు ఒకావిడ పేరున వెళ్తున్నాయి. అనకాపల్లి స్కూలు ఫీజు రసీదు ఒకటి ఉంది, ఏడో తరగతి అబ్బాయిది. తండ్రి పేరు దగ్గర ఎవరిదో పేరుంది, ఇంటిపేరు మాత్రం మాదే. అది చూపిస్తే మా అత్తయ్య ఏమీ మాట్లాడకుండా లోపలికెళ్లి పడుకున్నారు. ఇవన్నీ పోలీసులకు చెబితే ఆడపిల్లల పెళ్లిళ్లు ఏం కావాలి, మనిషి కనబడలేదని మాత్రం రాసివ్వు వదినా అంటున్నాడు మా మరిది. వెళ్లే ముందు రెండు రోజుల్లో ఆయన పాలవాడికి, కిరాణా కొట్టుకి బాకీ మొత్తం కట్టేశారు. పెద్దదాని కాలేజీ బస్సు ఫీజు పరీక్షల దాకా కట్టేశారు. ఉంగరం, వాచీ తీసి దేవుడి గూట్లో పెట్టి వెళ్లారు. ఆయన నన్ను మోసం చేశారా? నేనిప్పుడు ఏం చెయ్యాలి?

జవాబు: అమ్మా, మీరు ఉత్తరం చివర్లో రాసిన సంగతులే నా కంట్లో ముందు పడ్డాయి. చిల్లర బాకీలు తీర్చెయ్యడం, పిల్ల ఫీజు ముందే కట్టెయ్యడం, ఉంగరం, వాచీ దేవుడి దగ్గర పెట్టడం. బీరువాలో దొరికినవి తర్వాత. ఇలా లెక్కలు సరిచేసుకుని, ఒంటి మీది వస్తువులు వదిలి వెళ్లిన మనిషి ప్రాణం మీద ఆశ వదులుకుని ఉండొచ్చు. ఉండకపోనూ వచ్చు. కానీ ఈ మాట పోలీసులకి ఎంత తొందరగా తెలిస్తే అంత తొందరగా వెతుకుతారు. అచ్చులో వచ్చేదాకా ఆగే విషయం కాదు కనక ఉత్తరం చదవగానే మీరిచ్చిన నంబరుకి ఫోన్ చేశాను. మీరు, మీ అమ్మాయి స్టేషనుకి వెళ్లి కేసు కట్టించారు. ఇక్కడ రాసేది ఆ రోజు ఫోన్లో చెప్పినదే. ఇలాంటి కష్టంలో ఉన్న మరో నలుగురికి పనికొస్తుందని ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ మరిది మాట. ఆయన చెడ్డగా చెప్పలేదు. ఆడపిల్లలున్న ఇంట్లో ఎవరికైనా వచ్చే భయమే అది. కానీ నేను చూసిన మిస్సింగ్ కేసుల్లో వెతుకులాటని వెనక్కి లాగింది ఎక్కువగా ఈ భయమే. మనిషి కనబడలేదు, ఇంట్లో గొడవల్లేవు, అప్పుల్లేవు, ఎవరి మీదా అనుమానం లేదు అని నాలుగు ముక్కలు రాసిస్తారు. అలాంటి ఫిర్యాదు పట్టుకుని పోలీసులు ఎక్కడికి వెళ్లాలి? మీ చేతిలో అనకాపల్లి అనే ఊరి పేరుంది, ఒక బ్యాంకు ఖాతా ఉంది, రెండో ఫోన్ ఉంది. అవి దాచిపెడితే ఆయన దగ్గరికి వెళ్లే దారి మీరే మూసేసినట్టు.

పరువు సంగతికి ఒక దారి ఉంది. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం ప్రకారం ఎఫ్ఐఆర్‌లు, సున్నితమైన కేసులవి తప్ప, ఆన్‌లైన్లో పెట్టాలి. అంటే మీ ఫిర్యాదులో రాసిన ప్రతి అక్షరం ఎవరైనా చదివే వీలుంది. కాబట్టి ఫిర్యాదులో ఆయన ఎప్పుడు, ఎలా వెళ్లారు, ఏం కట్టుకున్నారు, బండి ఎక్కడ దొరికింది, వెళ్లే ముందు బాకీలు తీర్చి ఉంగరం తీసిపెట్టారు, ప్రాణానికి ముప్పు ఉందని భయపడుతున్నాం అన్నవి రాయండి. ఆ చివరి మాట తప్పకుండా ఉండాలి. ఆవిడకి వెళ్లే డబ్బు, స్కూలు రసీదు, రెండో ఫోన్ గురించి దర్యాప్తు చేసే ఎస్సైకి వాంగ్మూలంలో చెప్పండి. పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 180వ సెక్షను కింద రాసుకునే ఆ వాంగ్మూలం ఆన్‌లైన్లో పెట్టరు. చెప్పాల్సిందంతా చెప్పినట్టు ఉంటుంది, ఊరంతా చదివినట్టు ఉండదు.

స్టేషను దగ్గర ఇంకో చిక్కు ఉండొచ్చు. 2022లో జిల్లాలు విడదీశాక తణుకు పశ్చిమ గోదావరిలో ఉంది, నిడదవోలు తూర్పు గోదావరిలోకి వెళ్లింది. బండి అక్కడ దొరికింది కాబట్టి అక్కడికి వెళ్లండి అని వీళ్లు, మనిషి అక్కడివాడు కాబట్టి అక్కడే ఇవ్వండి అని వాళ్లు అనొచ్చు. ఆయన బయల్దేరింది మీ ఇంటి నుంచి. మీ స్టేషనులోనే మ్యాన్ మిస్సింగ్ కింద కేసు కట్టమనండి. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న నిబంధన ఏదీ లేదు. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీగారికి స్పీడ్ పోస్టులో పంపండి, సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్లి చేతికి ఇవ్వండి.

ఇక దొరికిన వస్తువులు. తణుకులోనే రైల్వే స్టేషను ఉండగా ఆయన బండి మీద నిడదవోలు దాకా ఎందుకు వెళ్లినట్టు? తణుకు మీదుగా వెళ్లేది భీమవరం లైను. నిడదవోలు జంక్షన్, అక్కడ మెయిన్ లైను రైళ్లు దొరుకుతాయి. అటు విశాఖ వైపు వెళ్లే రైలెక్కితే దారిలోనే అనకాపల్లి. ఊళ్లో తెలిసినవాళ్ల కంట పడకూడదనీ అనుకుని ఉండొచ్చు. బండిని ఎక్కడో ఒకచోట వదిలెయ్యకుండా డబ్బు కట్టి, టోకెన్ తీసుకుని స్టాండులో పెట్టారు. ఇది నాకు కాస్త ధైర్యమిచ్చే సంగతి. అయినా దాన్ని నమ్ముకుని కూర్చోవడానికి లేదు. స్టాండువాళ్ల పుస్తకంలో బండి పెట్టిన సమయం ఉంటుంది. ఆ సమయం తెలిస్తే ప్లాట్‌ఫాం కెమెరాల్లో ఏ రైలెక్కారో చూడొచ్చు. కెమెరా రికార్డింగులు ఎక్కువ రోజులు ఉండవు, పాతదాని మీద కొత్తది పడిపోతుంది. అందుకే రోజులు లెక్కపెట్టుకోమంటున్నాను.

రెండో ఫోన్ జోలికి ఇక వెళ్లకండి. లాక్ తీద్దామని పిల్లలు అంకెలు నొక్కుతూ కూర్చుంటారు, సెల్‌ఫోన్ షాపుకి తీసుకెళ్లి ఫార్మాట్ కొట్టించినవాళ్లూ ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు పోలీసులకి అప్పగించి, అప్పగించినట్టు కాగితం తీసుకోండి. ఆయన వెంట ఉన్న ఫోను కొన్నప్పటి డబ్బా ఇంట్లో ఉంటే దాని పక్కన స్టిక్కరు మీద పదిహేను అంకెల ఐఎమ్ఈఐ నంబరు ఉంటుంది. అది ఎస్సైకి ఇవ్వండి. పాత సిమ్ తీసేసి కొత్త సిమ్ వేసుకున్నా ఆ ఫోను ఎక్కడ ఆన్ అయిందో దాని ద్వారా కనుక్కోగలరు. ఎవరితో మాట్లాడారు, ఏ టవరు కింద ఉన్నారు అన్న కాల్ రికార్డులు పోలీసులు రాస్తేనే కంపెనీలు ఇస్తాయి. డబ్బు పుచ్చుకుని తీసిస్తామనే ప్రైవేటు డిటెక్టివుల మాట వినకండి, అది నేరం. ఆధార్ ఎక్కడ వాడారో చెప్పమని భార్య అడిగినా ఇవ్వరు.

ఆ అనకాపల్లి ఆవిడకి మీరు గానీ, మీ తమ్ముళ్లు గానీ ఫోన్ చేసి తిట్టకండి. ఆయన నిజంగా అక్కడే ఉంటే అక్కడి నుంచీ వెళ్లిపోతారు. అక్కడ లేకపోతే, ఆయన గురించి ఏమైనా తెలిసిన ఒక్క మనిషీ మీతో మాట్లాడదు. పోలీసులనే అడగనివ్వండి.

ఆ రసీదు గురించి నేను చాలాసేపు ఆలోచించాను. రెండో సంసారం అయితే తండ్రి పేరు దగ్గర ఆయన పేరు ఉండాలి, లేదా పూర్తిగా వేరే ఇంటిపేరు ఉండాలి. ఇక్కడ మీ ఇంటిపేరుతో వేరే మగవాడి పేరుంది. అది ఎవరిదో మీకు తెలియదు. మీ అత్తగారికి తెలుసని నా అనుమానం. ఎవరో తెలియని పిల్లవాడి రసీదు చూపిస్తే ఏ తల్లైనా ఎవడు వీడు అని అడుగుతుంది. ఆవిడ అడగలేదు, లోపలికి వెళ్లి పడుకున్నారు. ఆస్తి పంపకాల్లో విడిపోయి మళ్లీ మాట కలవని అన్నో, చనిపోయిన దాయాది భార్యాపిల్లలో, మామగారి తరపున ఇంట్లో ఎవరూ పేరెత్తని మనిషో అయి ఉండొచ్చు. నా ఊహ తప్పూ కావచ్చు. మీ అత్తగారిని అందరి ముందూ నిలదియ్యకండి. రాత్రి పిల్లలు పడుకున్నాక పక్కన కూర్చుని, కొడుకు ప్రాణం కంటే ఏదీ ఎక్కువ కాదు అత్తయ్యా, ఆ పేరు ఎవరిదో చెప్పండి అని అడగండి.

మోసం చేశారా అని అడిగారు. ఈ కాగితాలు పట్టుకుని ఆ మాట ఎవరూ చెప్పలేరు. మీకు చెప్పకుండా మీ బంగారం తాకట్టు పెట్టారు, అది మాత్రం నిజం. దాని మీద మీకు కోపం రావడం న్యాయమే. కానీ మనిషి దొరికాక అడగాల్సిన ప్రశ్నలు ఇప్పుడే తలలో తిరుగుతుంటే వెతకాల్సిన చోట వెతకలేం. మొదట ఆయన ప్రాణంతో ఉన్నారని తెలియాలి. మీరు, పిల్లలు నిద్ర లేకుండా ఉంటే మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ 14416 నంబరుకి ఫోన్ చెయ్యండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

పోలీసులకి ఇచ్చే వివరాల్లో ఒంటి గుర్తులు మరిచిపోవద్దు. మీకు ఠక్కున గుర్తురాకపోతే ఆయన పదో తరగతి సర్టిఫికెట్ తీసి చూడండి, రెండు పుట్టుమచ్చలు అందులో రాసి ఉంటాయి. ఆపరేషన్ మచ్చలు, కట్టించుకున్న పన్ను, చేతి మీద పచ్చబొట్టు కూడా చెప్పండి. ఇది రాయడం నాకూ కష్టంగానే ఉంది. కానీ రైల్వే పోలీసుల దగ్గర, ప్రభుత్వాసుపత్రుల్లో గుర్తు తెలియని మనుషుల వివరాలు ఉంటాయి. ఒంట్లో బాగోలేక పేరు చెప్పలేని స్థితిలో వార్డులో ఉన్నవాళ్లూ వాళ్లలో ఉంటారు. వాళ్లని గుర్తుపట్టేది ఈ మచ్చలతోనే. వాట్సాప్‌లో ఫొటో పెడితే కింద మీ నంబరు కాక స్టేషను నంబరు వెయ్యండి. మీ ఆయన మా దగ్గరున్నాడు, ఆస్పత్రి ఖర్చుకి డబ్బు పంపండి అని ఫోన్ చేసే మోసగాళ్లు ఇలాంటి పోస్టుల కోసమే కాచుకుని ఉంటారు. అంజనం వేసి చూపిస్తామనేవాళ్లకీ పైసా ఇవ్వకండి.

అప్పులవాళ్లు రావడం ఈపాటికి మొదలయ్యే ఉంటుంది. ఆయన రాసిన ప్రామిసరీ నోటుకి, దాని మీద మీరు సంతకం చెయ్యకపోతే, మీకు బాధ్యత లేదు. మీ మీద, మీ పుట్టింటివారిచ్చిన ఆస్తి మీద వాళ్లకి ఏ హక్కూ లేదు. పెద్దమనుషుల ముందు కూర్చోబెట్టి, మీ ఆయన వచ్చేదాకా హామీగా ఉంటుందని కొత్త నోటు రాయించుకునే ప్రయత్నం చేస్తారు. ఎవరెంత మర్యాదగా అడిగినా సంతకం పెట్టకండి. లోన్ యాప్‌లవాళ్లు ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930కి ఫిర్యాదు చెయ్యండి. గోల్డ్‌లోన్ సంగతి మాత్రం పట్టించుకోవాలి. వేలం నోటీసు ఆయన పేరున వస్తుంది, మీరు తీసి చూడకపోతే నగ పోతుంది. లోన్ కాగితం, ఎఫ్ఐఆర్ కాపీ పట్టుకుని బ్రాంచి మేనేజరు దగ్గరికి వెళ్లండి. ఆ నగలు మీవని, మనిషి ఆచూకీ తెలిసేదాకా మీకు చెప్పకుండా వేలం వెయ్యవద్దని రాతపూర్వకంగా ఇవ్వండి. వీలైతే వడ్డీ కట్టి ఆపుకోండి.

ఒక్క సంగతికి మాత్రం మనసు గట్టి చేసుకోవాలి. ఆయన క్షేమంగా దొరికి, నా ఇష్టపూర్వకంగా వచ్చాను, ఇంటికి వెళ్లను అని చెబితే పోలీసులు ఆ మాట రాసుకుని కేసు మూసేస్తారు. పెద్దమనిషిని పట్టుకొచ్చి ఇంట్లో దిగబెట్టే అధికారం వాళ్లకి లేదు. అలా జరిగితే మీకు, పిల్లలకి మనోవర్తి కోసం నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షను కింద కోర్టుకి వెళ్లొచ్చు. పాత సీఆర్పీసీ 125 ఇదే. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరునిస్తారు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చెయ్యండి.

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక ఊరు. మా ఆయన మూడేళ్ల కింద సౌదీ పోయిండు. కంపెనీ వీసా అన్నారు. మొదట్లో నెలనెలా పైసలు వచ్చేవి. ఏడాది దాటింది, ఫోన్ లేదు, పైసలు లేవు. రూంలో ఉన్నవాళ్లని అడిగితే ఖల్లివెల్లి అయిండని ఒకరు, వేరే ఆమెతో ఉంటున్నాడని ఒకరు చెప్పారు. ఏజెంటుకి కట్టడానికి అప్పు ఎవరి దగ్గర తెచ్చాడో కూడా నాకు ఇప్పుడే తెలుస్తోంది. కొడుకు లేని ఇంట్లో నీకేం పని, పుట్టింటికి పో అంటోంది అత్త.

జవాబు: చెల్లీ, రూంవాళ్లు చెప్పిన రెండు మాటల్లో మొదటిదాన్నే పట్టుకో. రెండోది నాలుగు నోళ్లు తిరిగి వచ్చిన మాట. ఖల్లివెల్లి అంటే కంపెనీ వదిలేసి బయట పనిచేసుకుంటున్నాడని. అలా వెళ్లినవాడి మీద యజమాని పారిపోయాడని కేసు పెడితే, దాన్ని అక్కడ హురూబ్ అంటారు, మనిషికి కాగితాలు లేనట్టే. జీతం సరిగ్గా ఇవ్వని చోటు నుంచి వెళ్లినా యజమానులు ఈ కేసు పెడుతుంటారు. ఆ తర్వాత పోలీసులకి దొరికితే జైలు, ఆ పైన వెనక్కి పంపడం. సిగ్గుతో, అప్పు ఎలా తీరుస్తానన్న బెంగతో ఇంటికి ఫోన్ చెయ్యడం మానేసినవాళ్లని నేను చాలామందిని చూశాను. జైల్లో ఉన్నా ఆ మాట ఇంటికి చేరనివ్వనివాళ్లు ఉన్నారు. మన ఎంబసీ అడిగితే ఆ దేశం చెప్పాలి, మనం అడగాలి.

అతని పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ, ఇకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే కార్డు) నంబరు ఏది దొరికినా వెతుకు. ఇంట్లో లేకపోతే ఏజెంటు దగ్గర ఉంటాయి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించు, మీసేవలో కూర్చునే పిల్లలెవరైనా చేసిపెడతారు. పాస్‌పోర్టు నంబరు తప్పకుండా కావాలి. రియాద్‌లో ఎంబసీ, జెద్దాలో కాన్సులేట్ ఉన్నాయి, అతను పనిచేసిన ఊరుని బట్టి ఫిర్యాదు అక్కడికి వెళ్తుంది. హైదరాబాద్‌లో బేగంపేట ప్రజాభవన్‌కి వెళ్లి గల్ఫ్ వెళ్లినవాళ్ల ఫిర్యాదులు తీసుకునే ప్రవాసీ ప్రజావాణిలో దరఖాస్తు ఇవ్వు. గల్ఫ్ కార్మికుల సంఘాలవాళ్లు మీ జిల్లాలో ఉన్నారు, అక్కడి క్యాంపుల్లో మనుషులు తెలిసినవాళ్లు. ఫొటోతో వాళ్లని కలువు. లోకల్ పోలీస్ స్టేషనులో కూడా రాసివ్వు. ఏజెంటు లైసెన్సు లేనివాడైతే అది వేరే నేరం, ఆ కేసు భయంతోనే వివరాలు బయటికి వస్తాయి.

ఇల్లు వదిలి వెళ్లకు. పెళ్లయి వచ్చి కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు 2005 గృహహింస చట్టం నీకు ఇచ్చింది. ఆ ఇల్లు అత్త పేరున ఉన్నా సరే, కోర్టు చెప్పకుండా నిన్ను బయటికి పంపడానికి లేదు. బయటికి నెడితే జిల్లాలోని ప్రొటెక్షన్ ఆఫీసరుని కలువు.

ప్రశ్న: గుంటూరు నుంచి రాస్తున్నాను. నా భార్య పది రోజుల క్రితం బాబుని తీసుకుని వెళ్లిపోయింది. ఆమెకి నాకు తెలియని బ్యాంకు ఖాతా ఉందని, అందులో ఎనభై వేలు దాచిందని తెలిసింది. ఎవరితోనో వెళ్లిందని నా అనుమానం. ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి ఊరంతా తెలిసేలా చేద్దామనుకుంటున్నాను. హైకోర్టులో హెబియస్ కార్పస్ వేస్తే తీసుకొచ్చి అప్పగిస్తారా?

జవాబు: ఫొటో పెట్టకండి. ఈ ఉత్తరానికి జవాబులో ముఖ్యమైన మాట ఇదే. ఎవరితోనో వెళ్లిందని రాసి ఫొటో పెడితే కేసు మీ మీద అవుతుంది, ఆమె ఎప్పటికైనా ఇంటికి వచ్చే దారి కూడా పోతుంది. మిస్సింగ్ కేసు పెట్టండి. చిన్నపిల్లవాడు కూడా ఉన్నాడు కాబట్టి పోలీసులు తొందరగానే కదులుతారు.

హెబియస్ కార్పస్ అంటే ఎవరైనా ఆమెని నిర్బంధించి ఉంటే కోర్టు ముందు హాజరుపరచమని అడగడం. మేజరైన స్త్రీ కోర్టు ముందుకి వచ్చి నా ఇష్టంతో ఉన్నాను అంటే అక్కడితో అయిపోతుంది. భార్యని అప్పగించరు, ఆమె వస్తువు కాదు. మీ అనుమానమే నిజమైనా, 2018 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు వివాహేతర సంబంధాన్ని నేరంగా చూసే 497వ సెక్షను కొట్టేశాక అది విడాకులకి కారణం అవుతుందే తప్ప నేరం కాదు.

ఎనభై వేల సంగతి. చీటీ కట్టి, కుట్టుపని చేసి, ఇంటి ఖర్చులో మిగిల్చి ఆడవాళ్లు నాలుగు డబ్బులు వెనకేసుకోవడం మన ఇళ్లలో కొత్తా? దాన్ని రహస్యం అని మీరు రాశారు. ఆ డబ్బు ఎందుకు దాచుకోవలసి వచ్చిందో మీరు మీ ఉత్తరంలో ఎక్కడా ఆలోచించలేదు. ఇంట్లో చెయ్యి చేసుకోవడం ఉందా? ఉంటే ఆమె సఖి కేంద్రంలోనో, స్త్రీల వసతి గృహంలోనో ఉండొచ్చు, 181కి ఫోన్ చేసిన ఆడవాళ్లని అక్కడికి చేరుస్తారు. అడ్రసు మీకు చెప్పరు, చెప్పకూడదు కూడా. క్షేమంగా ఉందన్న కబురు మాత్రం పోలీసుల ద్వారా తెలుస్తుంది. బాబుని చూసే హక్కు మీకుంది, దానికి ఫ్యామిలీ కోర్టులో వెయ్యండి.

ప్రశ్న: మా నాన్నగారు 2016లో మార్కాపురం నుంచి వెళ్లి మళ్లీ రాలేదు. అప్పట్లో కేసు పెట్టాం, జాడ తెలియలేదు. ఈ మధ్య ఆయన ట్రంకుపెట్టె అడుగున ఎల్ఐసీ బాండు దొరికింది, నామినీ అమ్మ. ఈ పాలసీ గురించి మాకెవరికీ తెలియదు. డబ్బు వస్తుందా? చుట్టాలు కర్మ చేసెయ్యమంటున్నారు, అమ్మ ఒప్పుకోవడం లేదు.

జవాబు: ఏడేళ్ల పాటు ఆ మనిషి గురించి తెలియాల్సినవాళ్లెవరికీ ఏ కబురూ తెలియకపోతే, బతికే ఉన్నాడని ఎవరైనా అంటే వాళ్లే రుజువు చెయ్యాలి. పాత సాక్ష్య చట్టం 108వ సెక్షను, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 111 చెప్పేది ఇది. మీకు ఏడేళ్లు దాటాయి. కానీ ఏడేళ్లు నిండగానే దానంతట అదే మరణ ధ్రువపత్రం రాదు. సివిల్ కోర్టులో చనిపోయినట్టు ప్రకటించమని డిక్లరేషన్ దావా వేసి, డిక్రీ తెచ్చుకుని, దాని మీద సర్టిఫికెట్ తీసుకోవాలి.

ఎల్ఐసీ విషయంలో 2004లో అనురాధ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట తేల్చింది. చనిపోయాడని కోర్టు అనుకుంటుంది తప్ప, ఫలానా రోజున చనిపోయాడని అనుకోదు. వెళ్లిన రోజే పోయాడు, అప్పటికి పాలసీ నడుస్తోంది కదా అన్న వాదన నిలవదు. అందువల్ల ఇప్పుడిప్పుడే మనిషి కనబడకుండా పోయిన ఇళ్లవాళ్లు ప్రీమియం ఆపకండి, ఎంత కష్టమైనా కట్టండి. మీకు ఆ పాలసీ సంగతే తెలియదు కాబట్టి 2016 తర్వాత లాప్స్ అయి ఉంటుంది. అయినా బాండు పారెయ్యకండి. మీ నాన్నగారు మూడేళ్లకు పైగా కట్టి ఉంటే పెయిడప్ విలువ కింద, అంటే కట్టిన ప్రీమియంలకి తగ్గట్టు, కొంత వస్తుంది. బాండు మీద నంబరు చెప్పి స్టేటస్ రిపోర్టు అడగండి, ఎన్ని ప్రీమియంలు పడ్డాయో అందులో ఉంటుంది. ఆయన కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే ఫ్యామిలీ పెన్షన్‌కి ఏడేళ్లు ఆగనక్కర్లేదు, ఎఫ్ఐఆర్ అయిన ఆరు నెలల తర్వాత ఇండెమ్నిటీ బాండు, అంటే హామీపత్రం, ఇచ్చి అడగొచ్చు.

కర్మ గురించి చట్టం ఏమీ చెప్పదు. పన్నెండేళ్లు ఆగాలని మన పెద్దలు చాలామంది అంటారు, ఆ లెక్కన చూసినా చుట్టాలకి ఇంత తొందర దేనికి? కోర్టులో డిక్రీ తీసుకున్నంత మాత్రాన అమ్మగారు బొట్టు తీసెయ్యాలని ఎక్కడా లేదు. ఈ దావా కాగితాల కోసం, ఇంట్లో ఆవిడ ఎలా ఉండాలో ఆవిడ ఇష్టం. ఆ మాట అమ్మగారికి ముందే విడమరిచి చెప్పండి. చెప్పకపోతే వకాలత్ మీద సంతకం పెట్టడానికే ఆవిడ చెయ్యి రాదు. తర్వాత పాత ఎఫ్ఐఆర్ నంబరు పట్టుకుని స్టేషనుకి వెళ్లి, ఇప్పటికీ ఆచూకీ లేదని రాసిన రిపోర్టు తీసుకోండి. అది లేకుండా దావా వేస్తే కోర్టు మొదటి వాయిదాలోనే అడుగుతుంది.